పనామా కాలువలో పోయిన మీసం

పులివెందుల దగ్గర లింగాలలో ఆదినారాయణకు ఒక చీనీ తోట, అంటే బత్తాయి తోట, నాలుగు బోర్లు, ఒక మీసం ఉండేవి. తోటను తమ్ముడి కొడుకు నరేష్‌కు అప్పజెప్పి పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరిగి రాగలడు. బోరు ఎండితే కాసేపు తల పట్టుకుని కూర్చుని ఇంకోటి వేయిస్తాడు. మీసాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి, చిన్న కత్తెరతో తనే దాని కొసలు సవరించుకునేవాడు. దాని మీద మంగలి కత్తి పడింది జీవితంలో ఒక్కసారే, తండ్రి పోయి కర్మ చేసినప్పుడు. అది మళ్లీ మొలిచేదాకా ఆయన మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకునే తిరిగాడు. ఆ తువ్వాలు చూసి ఊళ్లో పిల్లలు కూడా నవ్వలేదంటే ఆ మీసానికున్న మర్యాద ఎంతటిదో మీరే అనుకోండి.

అంత మీసం ఉన్నా ఇంట్లో ఆయన మాట ఒక్కటీ చెల్లేది కాదు. భార్య ఇందిరమ్మ ఏ మాటకైనా ఎదురు చెప్పకుండా వదిలేది కాదు. "ఈ పొద్దు ఎండ శానా ఉంది" అని ఆయనంటే, "నిన్న ఇంతకన్నా ఎక్కువుండె" అనేది. "నిన్న ఎండ శానా ఉండె గదా" అని ఆయన మర్నాడు తెలివిగా మొదలుపెడితే, "యాడుంది, పొద్దంతా మబ్బు పట్టింటే" అనేది. పిల్లలు లేని ఇల్లు. నరేష్‌ను పెంచుకున్నా వాడెప్పుడూ తోటలోనే. ఇంట్లో ఉన్న మాటలన్నీ వాళ్లిద్దరే పంచుకోవాలి, ఆ పంపకంలో ఆఖరి మాట ఎప్పుడూ ఇందిరమ్మ వాటాకే వచ్చేది. పక్కింటి షరీఫా గోడ అవతల నుంచి విని, "అక్కా, ఒక్కసారన్నా ఆయన్ను గెలవనీ" అనేది. "గెలిస్తే నేను వద్దంటినా?" అని ఇందిరమ్మ దానికీ ఎదురే చెప్పేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె ఫోను తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"ఇది చూడు మామా. ఇంత పెద్ద ఓడ, మెట్లెక్కుతాంది."

"ఓడ మెట్లెక్కేదేంది?"

"పనామా కాలవంట. ఓడ ఒక తొట్లోకి వస్తాది. వెనక గేటు మూస్తారు. తొట్లోకి నీళ్లు వదుల్తారు. నీళ్లతో పాటు ఓడ పైకి లేస్తాది. అప్పుడు ముందర గేటు తీస్తే ఇంకో తొట్లోకి పోతాది. అట్లా మూడు తొట్లెక్కి కొండమింద చెరువులోకి పోతాది. అవతల మళ్లా అట్లే దిగి ఇంకో సముద్రంలో పడతాది."

"ఎన్ని హార్స్‌పవర్ మోటార్లంట?"

"మోటారే లేదు. నీళ్లు వాటంతట అవే వస్తాయంట."

ఆదినారాయణ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. కరెంటు వచ్చే వేళకు లేచి, పోయే వేళకు నడుం వాల్చి, మోటార్లు కాలిపోయినప్పుడల్లా పులివెందులకు మోసుకుపోయి తీగ చుట్టించి తెచ్చుకుని బతికిన మనిషి ఆయన. మోటారు లేకుండా నీళ్లు పైకెక్కుతాయని తన ఇంట్లో, తన కంచం ముందే అంటే ఎలా పడుతుంది?

"అంతా గ్రాఫిక్సు. ఇప్పుడు ఫోన్లో పులి సైకిలు తొక్కుతాంది. నరేష్‌గాడు మొన్న సూపీలా?"

"పులి సంగతి నాకెందుకు. ఓడ సంగతి నిజం."

"మోటారు లేకుండా నీళ్లు పైకొచ్చి ఓడను ఎత్తినాయంటే మీసం తీయించుకుంటా."

ఆ మాట నోరు జారిందో, కావాలనే వచ్చిందో ఆయనకే తెలియదు. ఇందిరమ్మ మాత్రం ఆలస్యం చేయలేదు.

"సరే. ఎత్తకపోతే బతికినన్ని దినాలు నీ మాటకు ఎదురు చెప్పను. కాకి తెల్లగుందని నువ్వంటే, ఔ మామా, సున్నం కొట్టినట్టుంది అంటా."

ఆదినారాయణకు ఆ పూట అన్నం సహించలేదు. తను ఒక మాట అనడం, అది అన్నచోటే నిలబడడం, దాని మీద ఇంకెవరూ ఏమీ అనకపోవడం, ఇదంతా కళ్ల ముందు మెదిలింది. అంతకన్నా సుఖం స్వర్గంలో కూడా ఉండదని తేల్చుకున్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. పెండ్లాంతో మీసం పందెం కాశాడని తెలిస్తే పులివెందుల బస్టాండులో టీ తాగడానికి కూడా ముఖం చెల్లదు.

"ఈ సంగతి మూడో మనిషికి చెప్పగూడదు."

"నా నోటితో ఎవరికీ చెప్పను," అంది ఇందిరమ్మ. ఆ మాటలో నోటిని ఎందుకు తెచ్చిందో ఆయన పట్టించుకోలేదు. అదే ఆయన చేసిన తప్పు.

ఫోన్లో చూసింది చెల్లదు కాబట్టి కళ్లతో చూసి రావాల్సిందే. చీనీకాయలకు ఆ ఏడు మంచి రేటు పలికింది. ఆదినారాయణ ప్రొద్దుటూరు పోయి ముదస్సిర్ ట్రావెల్స్‌లో కూర్చున్నాడు. ముదస్సిర్ ఉమ్రాకూ, కాశీకీ, జెరూసలేముకూ ఒకే బల్ల మీద టికెట్లు కోసే మనిషి. పనామా మాట వినగానే వాడి కళ్లు మెరిశాయి. పేపర్లన్నీ చేయించి, ఒక చిన్న గుంపును పోగుచేసి, తనే వెంట బయలుదేరాడు.

"అంత దూరం ఎందుకన్నా, సింగపూరు పోయిరాగూడదా?" అని వాడు ముందు అడిగితే, "మా ఆమెకు కాలవలంటే ఇష్టం" అన్నాడు ఆదినారాయణ. ఈ మాట లింగాలకు చేరి ఊళ్లో మగవాళ్లను శానా ఇబ్బంది పెట్టింది. భార్య ముచ్చట కోసం సముద్రాలు దాటే మొగుణ్ణి చూపించి ఇంటింటా ఆడవాళ్లు దెప్పారు.

అమెరికా కొసన ఓడెక్కారు. ఓడలో తిండికి కొదవ లేదు, కొదవంతా ఉప్పూకారానికే. గుంపులో జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆనందయ్య, సంతోషమ్మ దంపతులు ఉన్నారు. ఆనందయ్య రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో పెద్ద, అబద్ధమాడడని పేరు. పందేనికి ఒక మధ్యవర్తి ఉండాలి కదా. ఓడలో చెప్తే ఊళ్లో చెప్పినట్టు కాదని ఆదినారాయణే సవరణ తెచ్చి, ఆయన దగ్గర మాట తీసుకుని, సంగతంతా చెప్పాడు. ఆనందయ్య నవ్వాపుకోవడానికి కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆదినారాయణ శెనిక్కాయల పొడి డబ్బా తీసుకుని ఆయన గదికి పోయాడు. "సార్, చప్పిడి తిండికి నాలుక సచ్చిపోయింటాది. ఉంచుకోండి. తీర్పు మాత్రం కొంచెం మనవైపు చూసి చెప్పండి." ఆయన బయటికి రాగానే ఇందిరమ్మ మామిడికాయ ఊరగాయ జాడీతో లోపలికి పోయింది. ఆనందయ్య రెండూ తీసుకున్నాడు. రోజూ రెండూ కలుపుకుని తిన్నాడు. "తీర్పు తీర్పే, ఊరగాయ ఊరగాయే" అని సంతోషమ్మతో అన్నాడట. ఏమాటకామాట చెప్పాలి, పొడి చేసిందీ ఊరగాయ పెట్టిందీ ఇందిరమ్మే కాబట్టి, లంచం ఎటు లెక్కేసినా ఆమెదే.

కాలువలోకి ప్రవేశించే రోజు పొద్దున్నే జనమంతా ఓడ కింది అంతస్తు వరండాలోకి చేరారు. ఆదినారాయణ అందరికన్నా ముందు వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అటూ ఇటూ సిమెంటు గోడలు. ఓడకూ గోడకూ మధ్య మూరెడు సందు కూడా లేనట్టుంది. గోడల మీద పట్టాలు, పట్టాల మీద చిన్న చిన్న ఇంజన్లు, వాటి నుంచి ఓడకు కట్టిన ఇనుప తాళ్లు.

ఆయన ముఖం వెలిగిపోయింది. "సార్, అవిగో మోటార్లు. అయిపాయ పందెం."

"అవి నీళ్లు తోడేటివి కాదు. ఓడ గోడకు రాసుకోకుండా పట్టుకుండేటివి," అంది ఇందిరమ్మ.

వెనక గేటు మూసుకుంది. ఊళ్లో తూము తలుపుల వంటివే, కాకపోతే ఒక్కో తలుపు చర్చి కన్నా ఎత్తుంది. మైకులో ఎవరో ఇంగ్లీషులో చెప్తున్నారు. ముదస్సిర్ దాన్ని తెలుగు చేశాడు. "నీళ్లు పైన చెరువు నుంచి గోడల లోపలి గొట్టాల గుండా దిగి వస్తాయంట. పంపులు, మోటార్లు ఏమీ లేవంట."

"వాడు కంపెనీ మనిషి. కంపెనీ మాటే చెప్తాడు," అన్నాడు ఆదినారాయణ.

ఇంతలో కళ్ల ముందున్న గోడ కిందికి పోవడం మొదలైంది. గోడ యాడికీ పోలేదు, ఓడే లేస్తోంది. కాసేపటి కింద తలెత్తి చూసిన ఇంజను ఇప్పుడు కళ్లకు ఎదురుగా ఉంది, ఇంకాసేపటికి కిందికి చూడాల్సి వచ్చింది. ఇంజన్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంత పెద్ద ఓడ, అందులో జనం, ఈతకొలను, వంటశాలలు, అన్నిటినీ నీళ్లు చప్పుడు చేయకుండా పైకెత్తాయి. ఇందిరమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడమే ఆయనకు ఎక్కువ కాలింది.

ఆనందయ్య గొంతు సవరించుకున్నాడు. "అప్పా, నీ నాలుగు బోర్లలో ఏది నీళ్లు పోస్తాందో, ఏది ఉత్తగా తిరుగుతాందో మంచం మింద నుంచే చెప్తానంటివి గదా. మైకులో మాట వద్దు, మీ ఆమె మాటా వద్దు. నీ చెవే సాక్షి. విని చెప్పు. నీళ్లెత్తే మోటారు యాడన్నా నడుస్తాందా?"

ఆదినారాయణ మోకాళ్ల మీద కూర్చుని ఓడ కమ్మీకి చెవి ఆనించాడు. పక్కనున్న దొరసానులు ఆయనకేదో అయిందని తప్పుకున్నారు. కింద ఓడ ఇంజను గుర్రుమంటోంది. ఎక్కడో ఏసీ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అవేవీ కావు. నీళ్లు ఎత్తే మోటారు గొంతు వేరు, అందులో ఒక బరువుంటుంది, నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషి నడకలో ఉన్నట్టు. అది ఎంత వెతికినా చెవికి తగలలేదు. ఓడ ఇంజనును చూపించి, ఇదే ఆ మోటారని అనేస్తే పోయేది. కాదనడానికి అక్కడ ఎవరికి తెలుసు? మీసం దక్కుతుంది, బతికినంత కాలం ఇంట్లో మాట చెల్లుతుంది. ఆయన బంధువుల దగ్గర అబద్ధమాడాడు, బ్యాంకులో ఆడాడు, ఇందిరమ్మతో లెక్కలేనన్ని ఆడాడు. మోటారు చప్పుడు మీద అబద్ధమాడడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

"లేదు సార్," అన్నాడు లేచి.

తర్వాత ఇందిరమ్మ వైపు తిరిగి, "పైన చెరువుంటే మోటారెందుకు? ఆ ముక్క మొదలే చెప్పింటే పందెమే కాసేవాణ్ణి కాదు," అన్నాడు.

"చెప్తిని. కొండమింద చెరువని చెప్పలే?"

చెప్పింది. ఆయనకూ గుర్తుంది. కొండ మీద నీళ్లుంటాయని ఆయన బుర్రకు ఎక్కలేదంతే.

ఓడ మూడు మెట్లూ ఎక్కి చెరువులో పోతుండగా ఆదినారాయణ ఓడలోని క్షౌరశాలకు పోయి కూర్చున్నాడు. అక్కడి అమ్మాయి ఆ మీసాన్ని చూసి, కత్తి తీసి, మళ్లీ పెట్టేసింది. నిజంగానే తీసేయమంటావా అని సైగలతో అడిగింది. ఆయన కళ్లు మూసుకుని తలూపాడు. బయటికి వచ్చేసరికి పైపెదవి మీద గాలి కొత్తగా తగులుతోంది. ఓడవాళ్లిచ్చిన టోపీని కిందికి లాక్కుని, ఎవరూ లేనిచోట కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం దిగే తొట్లు వచ్చాయి. ఓడ కిందున్న చెరువు నీళ్లను ఇప్పుడు వదిలేస్తున్నారు. ఓడ మెల్లగా కిందికి దిగుతోంది, నీళ్లు సముద్రం వైపు పోతున్నాయి. ఉప్పునీళ్లు కావు, చెరువు నీళ్లు, తాగే నీళ్లు. ఆదినారాయణ ముదస్సిర్‌ను పిలిచి అడిగాడు.

"ఇవన్నీ సముద్రంలోకేనా?"

"ఔన్నా. ప్రతి ఓడకూ ఇంతేనంట."

"ఒక్క ఓడ దిగేదానికి ఇన్ని నీళ్లా?"

ఎండిన బోర్లు, వాటి చుట్టూ నిలువునా ఎండిపోయిన చీనీ చెట్లు, చెట్లు నరికిన రోజు ఇందిరమ్మ వాకిట్లో కూర్చుని ఏడ్చిన ఏడుపు, అన్నీ ఆయనకు గుర్తొచ్చాయి. మీసం పోయినప్పుడు రాని కన్నీళ్లు ఇప్పుడొచ్చాయి. దూరం నుంచి చూస్తున్న ఇందిరమ్మ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కానీ ఆమె కొంటెతనం ఆమెను ఎక్కువసేపు బాధపడనివ్వదు. విదేశీ సిమ్ము ఆయన ఫోనుకే వేయించారు, ఆ ఫోను ఆమె సంచిలో ఉంది. తీసి, టోపీ కింద బోడిమూతితో, తడికళ్లతో, చుట్టూ నీళ్ల మధ్య ఒంటరిగా నిలబడ్డ మొగుణ్ణి ఫోటో తీసింది. ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన నంబరు మీదే పెట్టింది. కింద ఒక్క అక్షరం రాయలేదు. నోటితో చెప్పనంది, చెప్పలేదు. మాట తప్పే మనిషి కాదు కదా.

ఓడ పెద్ద సముద్రంలో పడింది, సిగ్నల్ పోయింది. ఫోటో సంగతి ఆమె మరిచేపోయింది.

కోస్టారికా రేవులో ఓడ ఆగినప్పుడు ఫోను బతికింది. బతికి, ఆగకుండా మోగింది. ఆదినారాయణ స్పీకరు పెట్టి ఎత్తాడు. నరేష్ ఏడుస్తున్నాడు.

"పెద్దనాయనా, ఎట్లా జరిగిందప్పా? సముద్రంలోనే కర్మ చేసేస్తివా? కడసారి చూపన్నా లేకపాయె."

"ఎవరికిరా?"

"పెద్దమ్మకు. ఫోటోలో నీ మీసం లేనిది చూసినాం గదా. ఉత్తపుణ్యానికి తీసే మీసమా అది?"

ఆదినారాయణ నోరు తెరిచాడు. ఇందిరమ్మ ముందు బిత్తరపోయింది, ఆ తర్వాత ఆమె కళ్లలో ఏదో మెరిసింది. పెదవుల మీద వేలుపెట్టి, ఆయన్ను మాట్లాడొద్దని సైగ చేసింది. తను పోతే ఊరు ఏమనుకుంటుందో వినే అదృష్టం ఎంతమందికి పడుతుంది?

"వీరపునాయునిపల్లె నుంచి పెద్దమ్మ తరపోళ్లంతా వచ్చినారు. వాకిట్లో షామియానా ఏసినాం. షరీఫా అత్త ముద్ద ముట్టలే." ఇందిరమ్మ కళ్లు చెమర్చాయి. "పెద్దమ్మ ఫోటో ఒక్కటీ సరైంది దొరకలే. ఓటరు కార్డుదే పెద్దది చేపించి దండేసినాం." ఇందిరమ్మ నెత్తి కొట్టుకుంది. "కాసులపేరు మాత్రం చిన్నత్త తీసి భద్రం చేసుకున్యాది." ఇందిరమ్మ నోరు తెరిచి, తన చేత్తోనే మూసుకుంది. అంత నిగ్రహం ఆమెలో ఉందని ఆదినారాయణకు ఇన్నేళ్లలో తెలియదు.

"నువ్వు దిగులు పడాకు పెద్దనాయనా. నిన్ను మేం చూసుకుంటాం. ఇంట్లో ఇంక నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు. నువ్వేం చెప్తే అదే. ఎదురు చెప్పే మనిషి పాయె గదా."

దీని కోసమే ఆయన సముద్రాలు దాటి వచ్చాడు. ఓడిపోయిన మనిషికి గెలుపు ఫోన్లో నడుచుకుంటూ వచ్చింది. వాకిట్లో మంచం మీద కూర్చుని, ఎండ శానా ఉంది అని తను అన్నట్టు, ఆ మాటను ఎవరూ అందుకోనట్టు ఆదినారాయణకు తోచింది. ఇంట్లో పంకా తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కకు చూశాడు. ఇందిరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆట అని తెలుసు. తెలిసినా భయమేసింది.

"రేయ్ నరేషూ," అన్నాడు, కళ్లు ఆమె మీదే పెట్టి. "ఆ కాలవలో నీళ్లు మోటార్లతోనే ఎక్కిస్తాండార్రా. నా చెవులతో నేనే విన్యా."

ఆమె పలకలేదు.

"పెద్ద పెద్ద మోటార్లు. మన పులివెందులలో అమ్మేటివే."

ఆమె భుజాలు అదిరాయి. చెయ్యి మాత్రం తీయలేదు.

"మీ పెద్దమ్మే ఏదో ఎర్రిది, మోటారు లేదని వాదులాడె. పందెంలో నేనే గెలిస్తి."

"యాడుంది మోటారు?" అని ఇందిరమ్మ ఫోను లాక్కుంది. "నీ చెవితో నువ్వే లేదని చెప్పి మీసం తీయించుకుంటివి గదా. గెలిచినోడివి బోడిమూతితో ఎందుకు కూర్చోనుండావు?"

అవతల ఫోను నేల మీద పడిన చప్పుడైంది. ఎవరో కెవ్వుమన్నారు. కుర్చీలు పడ్డాయి, కాళ్ల పరుగులు వినిపించాయి. కాసేపటికి షరీఫా గొంతు ఫోను దగ్గరికొచ్చింది. "ఏడుపులు ఆపండప్పా. అక్క బతికే ఉంది. అట్లా ఎదురు చెప్పేది ఇంకెవరికొస్తాది?" అంటూ తనే ఏడ్చేసింది.

"నువ్వు ముందు అన్నం తిను షరీఫా. తిని, కాసులపేరు యాడ తీసిందో ఆడే పెట్టమని మా చిన్నాడబిడ్డకు చెప్పు," అంది ఇందిరమ్మ, ఫోను పెట్టేసింది.

ఆదినారాయణ కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడుగానీ ఆయనకు వెలగలేదు, నరేష్ కూడా స్పీకరు పెట్టాడని, పందెం సంగతి షామియానా నిండా ఉన్న జనం విన్నారని.

"మూడో మనిషికి చెప్పనంటివే."

"మూడో మనిషి యాడుండాడు? ఊరంతా ఉండారు."

ఆదినారాయణ చెయ్యి అలవాటుగా మీసం మీదికి పోయి, అక్కడ ఏమీ దొరక్క కిందికి వచ్చింది. తర్వాత ఆమె పక్కకు జరిగి కూర్చున్నాడు.

"మేయ్, ఈ పొద్దు ఎండ శానా ఉంది," అన్నాడు. అని, ఎదురుచూశాడు.